నడక చెప్పే సంగతులు



ఆసుపత్రికి వచ్చినవారి నాడి చూస్తాం, బి.పి. చూస్తాం, నాలుక చాపమంటాం. కాని "ఒకసారి లేచి నాలుగడుగులు నడిచి చూపించండి" అని మాత్రం అన్నిసార్లూ అడగం. ఓ.పి.లో రద్దీ, గది ఇరుకు, రోగి అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉంటారు, లేదా చక్రాల కుర్చీలోనే లోపలికి వస్తారు. చీటీలో మాత్రం "నడక మామూలే" అని పడిపోతుంది. ఇది వైద్యుల వైపు లోపం, ఒప్పుకోవాలి. మీ వైపు నుంచి జరిగేది ఇంకొకటి ఉంది. "వయసు మీద పడింది కదండీ, నడక తగ్గింది" అని మీరే తేల్చేసుకుని, ఆ మాట మాకు చెప్పకుండానే వెళ్ళిపోతారు. ఈ రెండింటి మధ్య, చికిత్స ఉన్న జబ్బులు కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండిపోతాయి.

కొంతకాలం క్రితం డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దాయనను కోడలు, మనవరాలు వెంటబెట్టుకుని వచ్చారు. "మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులండీ, నడవలేకపోతున్నారు" అంది కోడలు. మోకాళ్ళ ఎక్స్‌రేలు ఉన్నాయి, అరుగుదల కూడా కనిపిస్తోంది. అప్పటికి ఆరు నెలలుగా నొప్పి మాత్రలు వాడుతున్నారు. అంతా సరిపోయినట్లే ఉంది. ఇంతలో ఇంటర్ చదివే ఆ మనవరాలు సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసింది. పాల లెక్క రాసుకునే పుస్తకం అది. వెనక పేజీల్లో తాతగారి సంగతులు రాసిపెట్టింది.

క్రిస్మస్‌కు: చర్చి దాకా ఆగకుండా నడిచారు. ఫిబ్రవరిలో: ఎడమకాలి చెప్పు రెండుసార్లు జారిపోయింది. గుడ్ ఫ్రైడే రోజు: దారిలో రెండుచోట్ల కూర్చున్నారు, కాళ్ళు బిగుసుకుపోతున్నాయన్నారు. మే నెలలో: చొక్కా బొత్తాలు పెట్టమని నన్ను పిలిచారు. అన్నం కలుపుకుంటుంటే మెతుకులు జారిపోతున్నాయి.

మోకాలు అరిగితే బొత్తాలు పెట్టుకోవడం ఎందుకు కష్టమవుతుంది? ఆ ఒక్క వాక్యం మమ్మల్ని మోకాళ్ళ నుంచి మెడకు తీసుకువెళ్ళింది. పరీక్ష చేస్తే కాళ్ళు బిరుసుగా ఉన్నాయి, సుత్తితో తట్టగానే ఎగిరెగిరి పడుతున్నాయి. ఎం.ఆర్.ఐ. తీయిస్తే మెడ దగ్గర అరిగిన ఎముకలు, డిస్కులు కలిసి వెన్నుపామును నొక్కేస్తున్నాయి. పెద్ద ఆసుపత్రికి పంపించి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు బొత్తాలు ఆయనే పెట్టుకుంటున్నారు. నడకకు మాత్రం కర్ర కావాలి. వెన్నుపాము మీద ఒత్తిడి తీసేస్తే సాధారణంగా జబ్బు ముదరడం ఆగుతుంది, కొంత తేరుకుంటుంది, కాని పోయినదంతా తిరిగి రాదు. ఎంత ముందుగా చేస్తే అంత మిగులుతుంది. ఆ పుస్తకం ఫిబ్రవరిలోనే మా చేతికి వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"నడవలేకపోతున్నాను" అంటే ఏమిటి?

నడక చూడటానికి తేలికగా ఉంటుంది గాని దాని వెనక మెదడు, చిన్నమెదడు, వెన్నుపాము, నరాలు, కండరాలు, కీళ్ళు, కళ్ళు, లోపలి చెవి అన్నీ పనిచేయాలి. వీటిలో ఏది దెబ్బతిన్నా మనం అనే మాట ఒక్కటే: "నడవలేకపోతున్నాను." నొప్పి వల్ల నడవలేకపోవడం వేరు. కాలిలో బలం లేక నడవలేకపోవడం వేరు. బలం ఉండి, తూలు వల్ల నడవలేకపోవడం వేరు. ఆయాసం వచ్చి ఆగిపోవడం వేరు. ఒకసారి పడి, ఆ భయంతో గోడ వదలకపోవడం ఇంకా వేరు. ఈ అయిదింటికీ వైద్యం అయిదు రకాలుగా ఉంటుంది.

మన మాటలతో ఇంకో చిక్కు ఉంది. "కాళ్ళు లాగుతున్నాయి, పీకుతున్నాయి" అని కొందరు, "గుంజుతున్నయి" అని కొందరు అంటారు. "తిమ్మిరి" అని ఒకరు చీమలు పాకినట్లు ఉండటాన్ని అంటే, ఇంకొకరు స్పర్శ తెలియకపోవడాన్ని అంటారు, మరొకరు బలం లేకపోవడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. ఇక "కళ్ళు తిరుగుతున్నాయి" అనే మాట సరేసరి. గది గిర్రున తిరిగినా అదే, నీరసంతో కళ్ళు చీకట్లు కమ్మినా అదే, తల బాగానే ఉండి కాళ్ళు పట్టు తప్పినా అదే. అందుకే డాక్టరుగారు "తిమ్మిరి అంటే ఎలా ఉంది?" అని మళ్ళీ అడిగితే విసుక్కోకండి. మీరే ముందుగా వివరించి చెబితే మరీ మంచిది. "చెప్పు కాలినుంచి జారిపోయినా నాకు తెలియడం లేదు" అన్న మాట "తిమ్మిరి" కంటే పది రెట్లు ఎక్కువ చెబుతుంది.

చూసి పోల్చుకోదగ్గ నడకలు

లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో వణుకుడు జబ్బు గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో వర్ణించినది ఆరుగురు రోగులను. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూశారంతే. స్కానింగులు, రక్తపరీక్షలు ఏవీ లేని రోజుల్లో మనిషి నడిచే తీరు చూసి రాసిన ఆ జబ్బుకు తరువాత ఆయన పేరే పెట్టారు. ఈ జబ్బులో అడుగులు చిన్నవవుతాయి, మనిషి ముందుకు వంగుతాడు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగడం మానేస్తుంది. వణుకు ఇంకా రాకముందే ఇది కనిపించవచ్చు. వెనక్కి తిరగమంటే ఒక్కసారిగా తిరగలేక ఏడెనిమిది చిన్న అడుగులు వేస్తూ బొమ్మలాగా మొత్తంగా తిరుగుతారు. గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కున్నట్లు ఆగిపోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఇలాంటి నడక మందుల వల్ల కూడా వస్తుంది. కళ్ళు తిరుగుతున్నాయని మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్ మాత్రలు, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక జబ్బుల మందులు పెద్దవయసువారిలో అచ్చం పార్కిన్సన్ జబ్బులాంటి స్థితిని తెస్తాయి. మందు మానిపిస్తే చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. మీ అంతట మీరు ఏ మందూ ఆపవద్దు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. పేర్లు చెప్పక్కర్లేదు, అట్టలు చూపిస్తే చాలు.

పక్షవాతం వచ్చినవారి కాలు మోకాలి దగ్గర వంగదు. అందుకని దాన్ని పక్కనుంచి అర్ధచంద్రాకారంగా తిప్పి ముందుకు వేస్తారు, అదే వైపు చెయ్యి ఛాతీ దగ్గర ముడుచుకుని ఉంటుంది. చిన్నమెదడు దెబ్బతింటే కాళ్ళు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తారు. పాపం, వీరిని తాగుబోతులని నలుగురూ అనుకుంటారు. ఊళ్ళో ఎవరైనా పొద్దున్నే అలా నడుస్తుంటే మాట అనేముందు ఒకసారి ఆలోచించండి. పాదాల్లో స్పర్శ పోయినవారు నేలవైపు చూసుకుంటూ అడుగు వేస్తారు. పగలు బాగానే ఉంటారు, కరెంటు పోతే తూలుతారు, ముఖం కడుక్కుంటూ కళ్ళు మూయగానే పడబోతారు. షుగరు వల్ల నరాలు పాడైనా ఇలా కావచ్చు, బి12 విటమిను తగ్గినా కావచ్చు. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివారిలో, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. ముందుగా కనిపెడితే ఇంజెక్షన్లతో బాగవుతుంది, ఆలస్యమైతే కొంత నష్టం నిలిచిపోతుంది.

కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి ఆగిపోయేవారు ఉన్నారు. వారిని ఒక ప్రశ్న అడగాలి: "నిలబడితే తగ్గుతుందా, కూర్చుంటే గాని తగ్గదా?" ఊరికే నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గేది ఎక్కువగా కాలి రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల. బీడీ, సిగరెట్ తాగేవారిలో, షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువ. కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తగ్గేది నడుము దగ్గర వెన్నులో నరాలు ఇరుకున పడటం వల్ల. వీరు సైకిలు పట్టుకుని వంగి నడిపిస్తూ ఎంత దూరమైనా పోగలమని చెబుతుంటారు. మొదటివారికి రక్తప్రసరణ పరీక్ష, రెండోవారికి నడుము పరీక్ష. ఒక్క జవాబుతో దారి అంతగా మారిపోతుంది.

నడక మందగించి, పాదాలు నేలకు అయస్కాంతం పట్టినట్లు ఉండి, దానికి తోడు మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు కూడా ఉంటే ముసలితనం అని వదిలేయకండి. తలలో నీరు చేరడం వల్ల ఇలా రావచ్చు. సరైన పరీక్షలు చేసి, తగినవారికి ఆ నీటిని కడుపులోకి మళ్ళించే గొట్టం వేస్తే నడక మెరుగుపడవచ్చు.

జారుపాదం గురించి

మిషన్ ఆసుపత్రులు కుష్టు రోగులకు చాలా కాలంగా సేవ చేస్తున్నాయి కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. మోకాలికి వెలుపలి వైపున, కొంచెం కిందగా, ఎముకను చుట్టుకుని ఒక నరం వెళుతుంది. అది దెబ్బతింటే పాదాన్ని పైకి ఎత్తలేరు. వేళ్ళు నేలకు రాసుకోకుండా ఉండటానికి బురదలో నడిచినట్లు మోకాలు పైకెత్తి నడుస్తారు, పాదం నేల మీద టపుక్కున పడుతుంది. చెప్పు ముందుభాగం అరిగిపోతుంది.

కలుపు తీస్తూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నా, కట్టు బిగుతుగా కట్టినా ఆ నరం నొక్కుకుపోవచ్చు. అలాంటిది చాలావరకు కొద్ది వారాల్లో కోలుకుంటుంది. కుష్టు వల్ల కూడా జారుపాదం వస్తుంది. మన దేశంలో కుష్టు 10,000 జనాభాకు ఒకరికంటే తగ్గిందని 2005 డిసెంబరులో ప్రకటించారు. దాంతో చాలామంది ఆ జబ్బు ఇక లేదనుకున్నారు. కొత్త రోగులు ఆ తరువాత కూడా ఏటా బయటపడుతూనే ఉన్నారు. స్పర్శ లేని మచ్చ ఉండి పాదం జారుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. మందులు ఉచితం. నరం దెబ్బతిని ఆరు నెలల లోపైతే స్టెరాయిడ్ మాత్రలతో బలం తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆ తరువాత వచ్చినవారికి పాదాన్ని కిందికి లాగే మంచి కండరపు స్నాయువును ముందువైపుకు మార్చి కుట్టే ఆపరేషన్ ఉంది. అందుకే "పాదం ఎప్పటినుంచి జారుతోంది?" అన్న ప్రశ్నకు జవాబుగా ఒక తేదీ కావాలి. "చాలా రోజులైంది" అంటే ఆరు నెలల లోపా, బయటా మాకు తెలియదు.

నల్గొండ, ప్రకాశం ప్రాంతాలవారు తెలుసుకోవలసింది మరొకటి. అప్పటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, వెన్ను బిగుసుకుపోతున్నాయని 1937లోనే వైద్యులు రాశారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, మరో గతి లేనప్పుడు ఒకటిన్నర. చిన్నప్పటినుంచి అలాంటి బోరు నీరు తాగినవారికి కాళ్ళు బిగిసి నడక మారుతుంటే ఆ ఊరి పేరు, ఎన్నేళ్ళు ఆ నీరు తాగారన్నది చీటీ మీద ఉండాలి. పట్నంలో చూసే కొత్త డాక్టరుకు అది తట్టకపోవచ్చు.

ఏమి రాసుకోవాలి?

పాల లెక్క పుస్తకమైనా చాలు. వారానికొకసారి రెండు వాక్యాలు రాయండి, రోజూ రాయనక్కర్లేదు. కొలతకు మీకు తెలిసిన దూరాలే వాడండి: బస్టాండు, రేషను షాపు, చర్చి. ఆగకుండా ఎంతవరకు వెళ్ళారు, ఎందుకు ఆగారు. పడితే తేదీ, వేళ, ఏ వైపుకు పడ్డారు, పడేముందు ఏం చేస్తున్నారు, స్పృహ తప్పిందా, ఎవరి సాయంతో లేచారు. పడి దెబ్బ తగలకపోయినా రాయండి. "దెబ్బ తగల్లేదు కదా" అని వదిలేసిన పాటు తరువాతి తుంటి ఎముక విరుగుడుకు ముందు హెచ్చరిక కావచ్చు. మరుగుదొడ్డిలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవగలుగుతున్నారా, మెట్లు ఎక్కడం కష్టమా దిగడం కష్టమా, బొత్తాలు, తాళంచెవి, పెన్ను సంగతి ఏమిటి అన్నవి కూడా ఉపయోగపడతాయి. పార్కిన్సన్ మందులు వాడేవారైతే మాత్ర వేసుకున్న వేళ, నడక తేలికైన వేళ, మళ్ళీ బిగిసిన వేళ రాయాలి. మందు మోతాదు దాన్ని బట్టే మారుస్తాం.

ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, 3 మీటర్ల దూరంలో, అంటే సుమారు పది అడుగుల దగ్గర, సుద్దముక్కతో గీత గీయండి. లేచి మామూలు వేగంతో గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. చెప్పులు, కర్ర రోజూ వాడేవే. గడియారం చూడండి. పెద్దవయసువారికి 12 సెకన్లు గాని అంతకంటే ఎక్కువ గాని పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్లు. ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, ఒంటరిగా చేయించవద్దు. నెలకొకసారి చేసి అంకె రాసుకుంటే, 11 కాస్తా 17 అయిన సంగతి ఎవరూ కాదనలేరు.

మరో సంగతి గమనించండి. నడుస్తున్నప్పుడు పలకరిస్తే జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? ఇలా ఆగేవారే తరువాత ఎక్కువగా పడుతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లో ప్రచురించారు. ఖర్చు లేని పరీక్ష.

సెల్‌ఫోను ఉంటే వీడియో తీయండి. ఓ.పి. గదిలో మా ముందు అందరూ కాస్త సర్దుకుని బాగానే నడుస్తారు, అసలు నడక ఇంట్లోనే తెలుస్తుంది. లుంగీ గాని చీర గాని మోకాళ్ళు కనిపించేంత పైకి దోపుకుని, ఎదురుగా వస్తుండగా ఒకటి, వెళుతుండగా ఒకటి, పక్కనుంచి ఒకటి. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం తప్పకుండా పట్టండి. ఒక్క నిమిషం చాలు. పెద్దవాళ్ళను అడిగి తీయండి, వాళ్ళ వీడియోను బంధువుల గ్రూపుల్లో పంచకండి.

మేమిచ్చే చీటీలో కూడా నడక గురించి నాలుగు మాటలు ఉండాలని అడిగే హక్కు మీకుంది. ఏ కాలు, ఏ సాయంతో, ఎంత దూరం. దివ్యాంగుల ధృవీకరణ పత్రం కోసం వెళ్ళినప్పుడు, 40 శాతం లెక్క వచ్చేచోట, తేదీలతో ఉన్న పాత చీటీలు ఎంత అక్కరకు వస్తాయో వెళ్ళినవారికి తెలుసు.

పుస్తకం పక్కన పెట్టి వెంటనే రావలసినవి

కాలూ చెయ్యీ ఒకవైపు ఒక్కసారిగా పడిపోయినా, మూతి వంకరపోయినా, హఠాత్తుగా తూలు మొదలైనా 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. మొదలైన వేళ గుర్తుపెట్టుకోండి. కాళ్ళు బలహీనపడి మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అదే రోజు రావాలి. పాదాల్లో మొదలైన తిమ్మిరి, బలహీనత రెండు మూడు రోజుల్లో పైకి పాకుతుంటే ఊపిరి కండరాలకు చేరేదాకా ఆగవద్దు.

జ్వరంతో ఉన్న పిల్లవాడు కుంటుతున్నా, కాలు నేల మీద పెట్టనని ఏడుస్తున్నా అది తుంటి కీలులో చీము కావచ్చు. రేపు చూద్దామనుకోవద్దు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు కాలు హఠాత్తుగా మెత్తబడి వాలిపోతే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేసి మలపరీక్షకు పంపాలి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పోలియో లేదన్న ధృవీకరణ 2014 మార్చిలో. ఆ పరీక్షలు మాత్రం ఆగలేదు. ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డను, నడక మొదలైనప్పటినుంచీ నొప్పి లేకుండా కుంటే బిడ్డను, కింద కూర్చుని తన తొడల మీద తానే చేతులు ఊనుకుంటూ లేచే మగపిల్లవాణ్ణి కూడా చూపించండి. "వాళ్ళ నాన్నా ఆలస్యంగానే నడిచాడు" అని నాయనమ్మలు అంటారు. ఒక్కోసారి నిజమే కావచ్చు. చూపిస్తే పోయేదేమీ లేదు.

చివరగా చేతికర్ర. దాదాపు అందరూ నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. అది తప్పు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడికాలూ కర్రా కలిసి ముందుకు కదలాలి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు ముడత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. తాతగారి కర్ర మనవరాలి ఎత్తుకు, అత్తగారి కర్ర కోడలి ఎత్తుకు సరిపోదు. చివర ఉండే రబ్బరు బుష్ అరిగి నున్నగా అయితే తడి గచ్చు మీద జారుతుంది. మందుల షాపులో కొత్తది అడిగి వేయించండి, లేదా ఈసారి వచ్చినప్పుడు కర్ర మా ఫిజియోథెరపీ గదిలో చూపించండి, కోసి సరిచేసి ఇస్తాం.